క్రాస్‌హెయిర్‌కి ఏ రంగు తాతా?

మా ఇంట్లో కంప్యూటర్ తెరకి నడిమధ్య ఒక స్టిక్కర్ బొట్టు ఉండేది. అట్టలో అన్నిటికన్నా చిన్న సైజుది, మెరూన్ రంగుది. వాళ్ళమ్మ బొట్టుబిళ్ళల్లోంచి మా మనవడు కాజేసి అంటించాడు. ఏటిరా ఇది, తెరకి పెళ్ళి చేస్తున్నావా అంటే, "నవ్వకు తాతా, ఈ ఆటలో స్నైపర్ తుపాకీకి స్కోప్ తెరవకపోతే గురి గుర్తు రాదు. నడిమధ్య ఎక్కడుందో తెలియాలి కదా" అన్నాడు.

నేను నవ్వలేదు, మెచ్చుకున్నాను. డబ్బా మానిటర్ల కాలం నుంచీ ఆటగాళ్ళు చేస్తున్న పనే ఇది. కొందరు టేపు ముక్క అంటించారు, కొందరు స్కెచ్ పెన్నుతో చుక్క పెట్టారు. బొట్టుబిళ్ళ మాత్రం మన చేర్పు అయ్యుంటుంది. అయితే వాణ్ణి కూర్చోబెట్టి తల అటూ ఇటూ జరిపి చూడమన్నాను. బొమ్మ పుట్టేది గాజు లోపలి పొరలో, బొట్టు ఉన్నది గాజు పైన. మధ్యలో కాస్త ఎడం ఉంది కాబట్టి, తల జరిగితే బొట్టు కూడా బొమ్మ మీద జరిగినట్టు కనిపిస్తుంది. దీన్నే పారలాక్స్ అంటారు. లెక్క సులువు. తెరకి 60 సెంటీమీటర్ల దూరంలో కూర్చున్నాం, ఎడం 1 మిల్లీమీటరు అనుకుందాం, తల 6 సెంటీమీటర్లు పక్కకి వాలింది. బొట్టు 0.1 మిల్లీమీటరు జరుగుతుంది. ఈనాటి పలచటి తెరల మీద అది అర పిక్సెల్ కూడా కాదు. సెంటీమీటరు మందం గాజున్న పాత డబ్బా మానిటర్లలో అయితే గురి తప్పడానికి అది చాలు. ఆటే తన గుర్తును బొమ్మతో పాటు అదే పొరలో గీసేస్తే ఈ గొడవే లేదు.

మా ఈడువాళ్ళ కోసం ఈ ఆటేమిటో ముందు చెప్పాలి. మా ఖరగ్‌పూర్‌లో ఆట అంటే సెర్సా స్టేడియం, ఫుట్‌బాలు, 2001 నుంచి 2003 దాకా ఇక్కడ టీటీఈగా చేసిన ధోనీ. ఇది వేరే లోకం. హీరో షూటర్‌లో ఐదుగురో ఆరుగురో ఒక జట్టు. ప్రతివాడూ ఒక హీరోని ఎంచుకుంటాడు. ఒకడిది రివాల్వర్, ఒకామెది దూరం కొట్టే రైఫిల్, ఒకాయనది పెద్ద సుత్తి. 2016లో వచ్చిన ఓవర్‌వాచ్, 2020లో వచ్చిన వాలరెంట్, 2024 డిసెంబరులో వచ్చిన మార్వెల్ రైవల్స్, మా ఇంట్లో ఎప్పుడూ వినిపించే పేర్లు ఇవి. తెర నడిమధ్య ఉండే గురి గుర్తే క్రాస్‌హెయిర్. ఓవర్‌వాచ్‌లో దాన్ని రెటికిల్ అంటారు. సెట్టింగ్స్‌లోకి వెళ్తే దాని ఆకారం, రంగు, గీత మందం, పొడవు, నడుమ ఖాళీ, చుక్క సైజు, ఎంత గాఢంగా కనపడాలి, చుట్టూ నల్ల అంచు ఉండాలా వద్దా, అన్నీ మన చేతిలోనే ఉంటాయి. ఓవర్‌వాచ్‌లో ఏ హీరోకి ఆ హీరోకే విడిగా పెట్టుకోవచ్చు కూడా.

వాలరెంట్‌లో ఈ సెట్టింగంతా ఒక కోడ్‌గా మార్చి ఇంకొకరికి పంపొచ్చు. మా వాడి జబ్బు అక్కడే ఉంది. ఏదో టోర్నమెంటు గెలిచినవాడి కోడ్ తెచ్చి పెట్టుకుంటాడు. నాలుగు రోజులు బాగానే ఆడతాడు. ఓడిపోగానే ఇంకొకడి కోడ్. ఒరే, ఆ కోడ్‌తో గీతలొస్తాయి గానీ అతని కన్ను రాదు, అతని తెర రాదు, తెరకి అతను కూర్చునే దూరం రాదు అని నేనంటాను. క్రాస్‌హెయిర్ సాయపడేది కంటికి. చెయ్యి దాని వెనకాల వస్తుంది. కన్ను పనిచేసే తీరు తెలిస్తే సెట్టింగ్స్‌లో ఏ మీట ఎందుకుందో దానంతటదే తెలుస్తుంది.

ఈ గీతల పుట్టుక ఒక సాలీడు పుణ్యం. 1640 ప్రాంతంలో ఇంగ్లండులోని యార్క్‌షైర్‌లో విలియం గాస్కోయిన్ అనే కుర్రాడు ఉండేవాడు. రెండు కుంభాకార కటకాల టెలిస్కోపుతో ఆకాశం చూసేవాడు. గొట్టం లోపల ఒక సాలీడు దారం కట్టింది. దాని అదృష్టమో ఇతని అదృష్టమో, ఆ దారం సరిగ్గా ముందు కటకం బొమ్మను నిలిపే చోటే పడింది. అంటే దారమూ, దూరాన ఉన్నదాని బొమ్మా ఒకే తలంలో ఉన్నాయి. కంటి దగ్గరి కటకంలోంచి చూస్తే రెండూ ఒకేసారి తేటగా కనిపించాయి. దాన్ని పట్టుకుని అతను కోణాలు కొలిచే మైక్రోమీటరు చేశాడు. 1644లో మార్‌స్టన్ మూర్ యుద్ధంలో చిన్న వయసులోనే చనిపోయాడు.

ఇది ఎంత పెద్ద సంగతో మామూలు రైఫిల్ పట్టుకుని చూస్తే తెలుస్తుంది. వెనక గురి కంటికి జానెడు దూరంలో, ముందు గురి గొట్టం చివర, లక్ష్యం ఎక్కడో దూరంలో ఉంటాయి. కంటి కటకం ఒకసారికి ఒక దూరానికే సర్దుకోగలదు. మూడూ ఒకేసారి తేటగా కనిపించడం జరగని పని. అందుకే రైఫిల్ నేర్పేవాళ్ళు ముందు గురి మీద చూపు నిలపమంటారు, లక్ష్యం కాస్త మసకగానే ఉండనిమ్మంటారు. గాస్కోయిన్ దారం ఈ చిక్కు తీర్చింది. ఆటలో క్రాస్‌హెయిర్, శత్రువు, వాడి వెనక గోడ అన్నీ ఒకే గాజు మీద ఉంటాయి. ఇంత సుఖం అసలు తుపాకీ పట్టుకున్నవాడికి కూడా లేదు.

గాస్కోయిన్ తర్వాత ఆ దారం సర్వే పరికరాల్లోకి వచ్చింది. కలకత్తా నుంచి మన వాల్తేరు వైపు పట్టాలు కలిపిన బెంగాల్ నాగపూర్ రైల్వే 1890ల చివర్లో ఖరగ్‌పూర్‌కి చేరింది. ఆ దారినే శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు జనం ఈ వర్క్‌షాపుకీ, యార్డుకీ, లోకో షెడ్డుకీ వచ్చి ఇక్కడే ఉండిపోయారు. అలాంటి లైను వెయ్యాలంటే ముందు నేల ఎత్తుపల్లాలు కొలవాలి. ఇంజినీరు లెవెల్ మెషిన్‌లో కన్ను పెడితే, దూరంగా ఖలాసీ స్టాఫ్ కర్ర నిటారుగా పట్టుకుంటాడు. లెవెల్‌లో అడ్డగీతకి పైనొకటి, కిందొకటి చిన్న గీతలుంటాయి. ఆ రెంటి మధ్య స్టాఫ్ మీద ఎంత పొడవు కనపడిందో చూసి 100తో గుణిస్తే కర్ర ఎంత దూరంలో ఉందో తెలిసిపోతుంది. 42 సెంటీమీటర్లు కనపడితే 42 మీటర్లన్నమాట. టేపు అక్కర్లేదు.

సాలీడు దారం చాలా కాలం ఉద్యోగం చేసింది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికావాళ్ళు బ్లాక్ విడో సాలీళ్ళని పెంచి, వాటి దారాన్ని తుపాకీ స్కోపుల్లో, సర్వే పరికరాల్లో క్రాస్‌హెయిర్లుగా బిగించారు. సన్నగా ఉంటుంది, సాగదీసి కడితే జారదు, తెగదు. ఈ మాట చెబితే మా మనవడు ఎగిరి గంతేశాడు. ఓవర్‌వాచ్‌లో దూరం కొట్టే స్నైపర్ పేరు విడోమేకర్, ఆమె వీపు మీద సాలీడు పచ్చబొట్టు కూడా ఉందట. పేరు పెట్టినవాళ్ళు ఈ కథ తెలిసే పెట్టారో లేదో నాకు అనవసరం. కలిసొచ్చింది.

ఇక నడుమ ఖాళీ సంగతి. సెట్టింగ్స్ అన్నిట్లోకీ నాకు బాగా నచ్చినది ఇదే, పిల్లలు సరిగ్గా పట్టించుకోనిదీ ఇదే. గురి అంటే చుక్క ఉండాలి అనుకుంటారు. నాలుగు గీతలు గీసి మధ్యలో ఏమీ లేకుండా వదిలేస్తే ఎలా కొడతాం అంటారు.

హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో కాంస్యం తెచ్చాడు. ఆ పోటీలో 10 పాయింట్ల చుక్క ఎంతో తెలుసా? అడ్డంగా 0.5 మిల్లీమీటరు. దాన్ని 10 మీటర్ల నుంచి కొట్టాలి. మంచి చూపున్న కన్ను విడదీసి చూడగలిగేది సుమారు 1 ఆర్క్ నిమిషం, అంటే డిగ్రీలో అరవయ్యో వంతు. 10 మీటర్ల దూరంలో అది దాదాపు 3 మిల్లీమీటర్లు. 0.5 మిల్లీమీటరు చుక్క చేసే కోణం 10 ఆర్క్ సెకన్లే. అంటే కంటి హద్దులో ఆరో వంతు. ఆ చుక్క షూటర్‌కి కనపడదు. కనపడనిదాన్ని వరసగా ఎలా కొడతారు?

రైఫిల్ ముందు కొసన చిన్న రింగు ఉంటుంది. లక్ష్యం మీద 30.5 మిల్లీమీటర్ల నల్లటి గుండ్రం ఉంటుంది. ఆ నలుపుని ఈ రింగులో కూర్చోబెట్టి, చుట్టూ తెల్లటి వలయం అన్ని వైపులా సమానంగా ఉందా అని చూస్తారు. ఎడం పక్క తెలుపు వెంట్రుకవాసి తగ్గినా కన్ను పట్టేస్తుంది. చుక్కని చూడలేని కన్ను, రెండు గుండ్రాలకి కేంద్రం ఒకటేనా కాదా అన్నది మాత్రం చూడగలదు. ఆ రింగులు రకరకాల సైజుల్లో దొరుకుతాయి, ఎవరి కంటికి కుదిరినది వాళ్ళు మార్చుకుంటారు. ఒలింపిక్ షూటర్ చేసేదీ క్రాస్‌హెయిర్ సెట్టింగే, ఆయన మీట తెరలో కాక రైఫిల్ కొసన ఉంది, అంతే తేడా.

దీనికి హైదరాబాదుదాకా, లండన్‌దాకా పోనక్కర్లేదు. నింపురా వైపు లైను మీద గ్యాంగు మేటు పని చేస్తుంటే చూడండి. గొంతుక్కూర్చుని, తల పట్టా ఎత్తుకి దించి, ఒక కన్ను మూసి పట్టా పొడవునా చూస్తాడు. చేత్తో సైగ చేస్తాడు. అక్కడెక్కడో గునపాలు పట్టుకున్నవాళ్ళు పట్టాని కాస్త జరుపుతారు. ఇంకొంచెం అంటాడు, ఆపమంటాడు. అంత దూరంలో అంత చిన్న వంకర కంటి హద్దుకి లోబడి కనపడకూడదు. అయినా మేటుకి కనపడుతుంది. రెండు గీతలు ఒకే వరసలో ఉన్నాయా అని చూసే పనిలో మన కన్ను మామూలు హద్దుకి ఎన్నో రెట్లు చురుగ్గా, 5, 10 ఆర్క్ సెకన్ల దాకా పోగలదు. సైన్స్‌లో దీన్ని హైపర్ అక్యుటీ అంటారు. ఎలా సాధ్యం అంటే, గీత తాలూకు వెలుగు రెటీనా మీద ఒక్క కణం మీదే పడదు, పక్కపక్కన ఎన్నో కణాల మీద పరుచుకుంటుంది. ఏ కణానికి ఎంత వెలుగు పడిందో పోల్చి, ఆ వెలుగు నట్టనడుమ ఎక్కడో మెదడు లెక్కకడుతుంది. గీత పొడుగునా ఈ లెక్కలన్నీ కలిపి సరాసరి తీస్తుంది. ఒక్క కణం చెప్పలేనిది వంద కణాలు కలిసి చెబుతాయి.

కాబట్టి నాలుగు గీతలు నడుమ ఖాళీ వదిలితే, కేంద్రం ఎక్కడో కన్ను దానంతటదే తేల్చుకుంటుంది. పైగా ఆ కేంద్రంలో ఏ గీతా లేదు కాబట్టి శత్రువు తల దాని వెనక దాగదు. చుక్క పెడితే దాగుతుంది. దూరాన ఉన్నవాడి తల తెర మీద నాలుగైదు పిక్సెళ్ళుంటే, నువ్వు పెట్టిన లావుపాటి చుక్క వాడికే డాలు అవుతుంది. ఇక ఖాళీ ఎంతుండాలి? నువ్వు ఎక్కువగా కొట్టే దూరంలో తల ఆ ఖాళీలో పట్టి, చుట్టూ సన్నటి వలయం మిగలాలి. బిగుతుగా ఉంటే తల కప్పుకుపోతుంది. మరీ ఎడంగా ఉంటే నట్టనడుమ ఎక్కడో తేల్చడంలో కంటి పొరపాటూ ఖాళీతో పాటే పెరుగుతుంది. పది మీటర్లకి కుదిరిన ఖాళీ నలభై మీటర్లకి కుదరదు. దగ్గరికొచ్చి కొట్టే ట్రేసర్‌కీ, దూరాన నిలబడే విడోమేకర్‌కీ ఒకే ఖాళీ పెట్టుకుని మావాడు ఎంత కాలం ఆడాడో.

రంగు దగ్గరికొస్తే, ఇది రైల్వే ఊరు. రంగుల గురించి మాకు ఒకరు చెప్పక్కర్లేదు. నేను ఇంజను మీద పనిచేసినవాణ్ణి. రన్నింగ్ స్టాఫ్‌కి పీఎంఈ, అదే విడతవారీ వైద్య పరీక్ష, వచ్చిందంటే గుండె దడ. ఇషిహారా పుస్తకంలో రంగు చుక్కల మధ్య అంకె చదవాలి. చీకటి గదిలో లాంతరు పెట్టి ఎరుపా, ఆకుపచ్చా, పసుపా అని అడుగుతారు. తడబడితే ఇంజను దిగాల్సిందే. ఈ పరీక్షలు పుట్టిందీ రైళ్ళ వల్లే. 1875 నవంబరులో స్వీడన్‌లోని లాగర్లుండా దగ్గర రెండు ఎక్స్‌ప్రెస్ బళ్ళు గుద్దుకుని తొమ్మిది మంది చనిపోయారు. ఎవరో రంగు పోల్చుకోలేక సిగ్నల్ తప్పారేమోనని ఉప్సలా విశ్వవిద్యాలయం ప్రొఫెసర్ ఫ్రితియోఫ్ హోల్మ్‌గ్రెన్ అనుమానించాడు. రంగురంగుల ఉన్ని లచ్ఛీలు ముందు పోసి, ఒకే రంగువి ఏరమని రైల్వేవాళ్ళని పరీక్షించాడు. ఆ ప్రమాదానికి అసలు కారణం అది కాదేమోనని తర్వాతి పరిశోధకులు అన్నారు. అయినా పరీక్ష మాత్రం ప్రపంచమంతటా రైళ్ళలో నిలిచిపోయింది.

మా మనవడి జట్టులో ఒక బెంగాలీ కుర్రాడున్నాడు, నన్ను దాదూ అంటాడు. గురి మంచిదే. కానీ చెట్లూ గడ్డీ ఉన్న చోట శత్రువు కనపడటం వాడికి ఆలస్యమయ్యేది. ఆటలో శత్రువు చుట్టూ ఎర్రటి అంచు గీస్తారు, వీడు క్రాస్‌హెయిర్ కూడా ఎరుపే పెట్టుకున్నాడు. ఒకరోజు నేను వెనక కూర్చుని, "ఆ ఎర్ర అంచు కనపడుతోందా?" అని అడిగితే, "ఏ అంచు దాదూ?" అన్నాడు. ఆకు మీద ఎరుపు వాడికి విడిగా తేలడం లేదు. కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళమని వాళ్ళింట్లో చెప్పాను. ఈలోగా వాలరెంట్‌లో శత్రువు అంచు రంగును పసుపుకి మార్చే వీలుంది, అది మార్పించాం. ఓవర్‌వాచ్‌లోనూ ఆ రంగులు మార్చుకోవచ్చు. యూరప్ మూలాలున్న మగవాళ్ళలో నూటికి సుమారు 8 మందికి ఎరుపు ఆకుపచ్చల తేడా సరిగా తెలియదు, ఆడవాళ్ళలో 200 మందికి ఒకరికే. ఆ రంగుల కణాల జన్యువులు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటాయి. మగవాడికి ఉండేది ఒక్కటే ఎక్స్, అది తల్లి ఇచ్చినది. అందుకే ఈ లోపం తాత నుంచి కూతురికి వెళ్ళి, ఆమెలో పైకి కనపడకుండా దాగి, ఆమె కొడుకులో తేలుతుంది. మా వాడు నా కూతురి కొడుకే. నా వైపు నుంచి వాడికా భయం లేదని రైల్వే ఆస్పత్రి ఎన్నోసార్లు రాసిచ్చింది.

మంచి చూపున్నవాళ్ళకి మాత్రం ఏ రంగు? తెర మీద తెలుపు పుట్టించే వెలుగులో మన కంటికి తెలిసే ప్రకాశం నూరు పాళ్ళనుకుంటే, ఆకుపచ్చది 72, ఎరుపుది 21, నీలానిది 7. పగటిపూట మన కన్ను 555 నానోమీటర్ల పసుపుపచ్చ ఆకుపచ్చకి అన్నిటికన్నా చురుగ్గా స్పందిస్తుంది. అందుకే ఆకుపచ్చా, ఆకుపచ్చ నీలం కలిసిన సయానూ ఆటగాళ్ళకి ఇష్టం. ముదురు నీలం మాత్రం పెట్టకండి. చూపు నట్టనడుమ పడే చోట రెటీనాలో నీలానికి స్పందించే కణాలు ఉండవు. నీలి చుక్క చిన్నదైతే సరిగ్గా మనం దాన్ని చూసినప్పుడే మసకబారుతుంది. పసుపు బాగా వెలుగుతుంది గానీ మంచూ ఆకాశమూ ఉన్న మ్యాపుల్లో కరిగిపోతుంది. అక్కడ మెజెంటా మేలు, ఆ రంగు గోడలకీ చెట్లకీ ఉండదు.

గాఢత తగ్గిస్తే ఇంకో చిక్కు. పాత సెమాఫోర్ సిగ్నళ్ళలో కిరసనాయిలు దీపం ఉండేది. ఆకుపచ్చ వెలుగు రావాలని దాని ముందు నీలం వైపు మొగ్గిన అద్దం పెట్టేవారు. దీపం వెలుగే పసుపు కాబట్టి నీలి అద్దం వడగట్టాక బయటికొచ్చేది ఆకుపచ్చ. వెనకున్న వెలుగుని బట్టి రంగు మారిపోతుందని అప్పటి సిగ్నల్ వాళ్ళకి తెలుసు. సగం గాఢతలో ఆకుపచ్చ క్రాస్‌హెయిర్ పెట్టి ఎర్ర గోడ ముందు నిలబడు, తెర మీద కనపడేది మురికి పసుపు. గాఢత పూర్తిగా పెట్టి, కావాలంటే గీత సన్నం చేసుకో. చుట్టూ సన్నటి నల్ల అంచు పెట్టుకో. కంటికి కాటుక పెడితే తెలుపు ఎలా తేలుతుందో, నల్ల అంచుతో ఏ రంగైనా అలా తేలుతుంది. వెనక గోడ చీకటిదైతే లోపలి రంగు పనిచేస్తుంది, తెల్లటిదైతే అంచు పనిచేస్తుంది.

సైజు సంగతి కొంచెం చెప్పి వదిలేస్తాను. మా ఊరి ప్లాట్‌ఫారం 1072.5 మీటర్లు. 2013లో గోరఖ్‌పూర్ దాటేదాకా ఊరి గొప్ప అదే, 2023లో హుబ్బళ్ళీ దాటింది. మధ్యలో జనం, టీ బళ్ళు లేవనుకుంటే, ఈ చివర నుంచి చూసినవాడికి ఆ చివర నిలబడ్డ మనిషి 5 ఆర్క్ నిమిషాల పైచిలుకు ఎత్తు కనపడతాడు. కంటి పరీక్ష బోర్డులో 6/6 వరస అక్షరం ఎత్తు సరిగ్గా 5 నిమిషాలు. ఇంజను మీదవాళ్ళకి రైల్వే అడిగే చూపు అది. ఇక 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ తెర మీద ఒక పిక్సెల్ 0.277 మిల్లీమీటరు, 60 సెంటీమీటర్ల దూరం నుంచి 1.6 నిమిషాలు. అంటే ఒక్క పిక్సెల్ చుక్క కంటి హద్దుకి కాస్త పైన ఉంది, నేరుగా చూస్తే కనపడుతుంది. కానీ నువ్వు నేరుగా చూసేది క్రాస్‌హెయిర్‌ని కాదు, శత్రువు వస్తాడనుకున్న మూలని. చూపు నిలిపిన చోటు నుంచి 2 డిగ్రీలు, అంటే తెర మీద 2 సెంటీమీటర్లు పక్కకి పోతే చాలు, చురుకు బాగా పడిపోతుంది. ఒంటి పిక్సెల్ చుక్క అక్కడ మాయం. పొట్టివైనా నాలుగు గీతలుంటే ఓరచూపుకీ దొరుకుతాయి. చిన్న చుక్కతో ఆడే గొప్ప ఆటగాళ్ళు లేరా అంటే ఉన్నారు. వాళ్ళ చూపు నడిమధ్య నుంచి కదలదు, అది ఏళ్ళ సాధన.

ఇంకొకటి, క్రాస్‌హెయిర్ నిజం చెప్పాలా, నోరుమూసుకోవాలా అన్నది. చాలా తుపాకుల గుళ్ళు సరిగ్గా కేంద్రానికే పోవు, ఒక శంకువు లోపల ఎటైనా పోవచ్చు. పరిగెడుతూ కాల్చినా, ఆపకుండా కాల్చినా ఆ శంకువు విచ్చుకుంటుంది. ఓవర్‌వాచ్‌లో దాన్ని చూపించే మీట ఉంది. వాలరెంట్‌లోనూ కదిలితే, కాలిస్తే గీతలు విచ్చుకునేలా పెట్టుకోవచ్చు. పెద్ద ఆటగాళ్ళలో చాలామంది దాన్ని ఆపేస్తారు, గీతలు అదేపనిగా కదిలితే చూపు చెదురుతుందని. మా వాడూ ఆపేశాడు. నేను తిట్టి మళ్ళీ పెట్టించాను. వాళ్ళకి ఎప్పుడు గుండు చెదురుతుందో చేతికి తెలుసు కాబట్టి ఆపుకున్నారు, నీకు తెలియకముందే ఆపేస్తే ఎలా? ఇంజను మీద మేమూ అసిస్టెంటూ సిగ్నల్ కనపడగానే ఒకరికొకరం పైకి చెప్పుకునేవాళ్ళం. ఎంత సర్వీసు ఉన్నా ఆ మాట మానలేదు.

ఓవర్‌వాచ్‌లో మన దేశపు అమ్మాయి ఒకామె ఉంది. సిమెట్రా, అసలు పేరు సత్యా వాస్వానీ, దక్షిణ భారతదేశంలోని విష్కర్ అనే కంపెనీలో వెలుగుతో కట్టడాలు కట్టే వాస్తుశిల్పి. 2016లో ఆట వచ్చినప్పుడు ఆమె వెలుగు కిరణం శత్రువుని దానంతటదే పట్టుకునేది, గురి పెద్దగా అక్కర్లేదు. 2018లో మార్చేశారు, అప్పటి నుంచి క్రాస్‌హెయిర్ పెట్టి పట్టుకోవాల్సిందే. కిరణం గుండులా ఒక్క క్షణం తగిలి పోదు, తగిలించి ఉంచాలి. అలాంటి హీరోకి చుక్క కన్నా చిన్న గుండ్రం నయం, శత్రువు అటూ ఇటూ గెంతుతుంటే ఎటు జారిపోతున్నాడో గుండ్రం అంచు చెబుతుంది.

ఎంత సెట్టింగ్ చేసినా మారనిది ఒకటుంది. వాలరెంట్ సర్వర్ ముంబైలో ఉంది. నాగపూర్ మీదుగా రైలు దారిలో ఇక్కడికి సుమారు 1850 కిలోమీటర్లు. గాజు తీగలో వెలుగు సెకనుకి రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది, వెళ్ళి రావడానికి 18 మిల్లీసెకన్ల పైన పడుతుంది. దారిలో యంత్రాల ఆలస్యం దానికి అదనం. రైల్‌టెల్ పట్టాల పక్కనే ఈ తీగలు పాతింది కాబట్టి, మా వాడి గురి కూడా మేము తిరిగిన దారినే పోతోందేమో అని నాకొక సరదా. ఓడినప్పుడల్లా క్రాస్‌హెయిర్ మార్చే ముందు పింగ్, అంటే ఈ రాకపోకల ఆలస్యం, ఎంతుందో చూడమంటాను. వాళ్ళ అమ్మమ్మ అసలు కంప్యూటరే కట్టెయ్యమంటుంది. 2022 డిసెంబరులో కేంద్రం ఈ-స్పోర్ట్స్‌ని క్రీడల శాఖ కిందికి తెచ్చిందని నేను చెబితే, ఆ శాఖవాళ్ళనే వచ్చి వీడి చేత లెక్కలు చేయించమంది.

మేము చేసే పద్ధతి ఇది. ప్రాక్టీస్ రేంజ్‌లోకి వెళ్ళి ఒక్కసారికి ఒక్కటే మార్చాలి. ముందు రంగు, చీకటి గోడ ముందూ ఆకాశం ముందూ చూడాలి. తర్వాత ఖాళీ, ఆ హీరో కొట్టే దూరంలో బొమ్మ తల పట్టేట్టు. ఆఖర్న మందం, కుర్చీని రోజూ ఉండే చోటే ఉంచి, ఓరచూపుకి దొరికేంతవరకే. రివాల్వర్ పట్టే క్యాసిడీకి సయాన్ గీతలు, నల్ల అంచు, తల పట్టేంత ఖాళీ కుదిరాయి. సుత్తి తిప్పే రైన్‌హార్ట్‌కి ఏం పెట్టాలి తాతా అంటే, సుత్తికి గురెందుకురా తీసెయ్ అన్నాను. "ఆయన దూరంగా మంట కూడా విసురుతాడు తాతా" అన్నాడు. అయితే నాలుగు గీతలూ తీసేసి, నడిమధ్య చుక్క ఒక్కటి ఉంచు.